నాలుగు వందల పదిహేనో చీటీ

పలాస,
6 అక్టోబరు 2025

కూర్మారావు మావకి,

నీ మేనకోడలు ప్రమోదిని నమస్కారాలు. సుధారాణి అత్తకి కూడా చెప్పు.

పక్కనే బారువలో ఉన్న మనిషికి ఫోను చెయ్యకుండా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోను చేస్తే నువ్వు "ఏటీ? ఏటీ?" అని నాలుగుసార్లు అడుగుతావు. ఐదోసారి వినబడకపోయినా "సరే సరే" అని పెట్టేస్తావు. పైగా సర్వర్ పని నోటితో చెప్పకూడదు, కాగితం మీదే చెప్పాలని నాకు నేర్పింది నువ్వే. చేరిన కొత్తలో నువ్వు ఫోన్లో "ఎడమ చివరి డిస్కు తియ్యి" అంటే నేను మిషను వెనక నిలబడి ఎడమ చివరిది లాగేశాను. ఆ రోజు తిట్టిన తిట్లు ఇంకా చెవిలోనే ఉన్నాయి.

ఇప్పుడు అంతకంటే పెద్దదే జరిగింది.

నవమి నాడు మన కిడ్నీ పరీక్షల ఆఫీసులో ఆయుధపూజ చేశాం. నువ్వున్నప్పటిలాగే సర్వర్‌కి పసుపు బొట్లు, మీద నిమ్మకాయ, రక్తపరీక్ష మిషనుకి బంతిపూల దండ. ప్రసాదం తిని అందరం ఇళ్లకి పోయాం. నువ్వు ప్రతి ఏడూ పూజకి ముందు సర్వర్‌ని పద్ధతిగా ఆపేసి, "దశమి సాయంత్రం దాకా దానికీ విశ్రాంతి కావాలి" అనేవాడివి. ఈసారి ఆ సంగతి నాకు తట్టలేదు. వాచ్‌మన్ రమణకి తట్టింది. తాళం వెయ్యబోతూ చూస్తే దాని దీపాలు ఇంకా వెలుగుతున్నాయట. మెయిన్ దించేశాడు. యూపీఎస్ కూత పెడితే దాని బటనూ నొక్కేశాడు. దండం కూడా పెట్టాడట.

దశమి సాయంత్రం ఆన్ చేస్తే డిస్కులు తిరిగాయి కానీ రికార్డులు తెరుచుకోలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లు విశాఖ నుంచి చూసి, చివరగా రాసినవి డిస్కుల దాకా చేరలేదు, దాంతో మొత్తం పుస్తకమే చెడింది, పాత కాపీ పెట్టుకోండి అన్నారు. పాత కాపీ అంటే నువ్వు పని మానే ముందు ఆగస్టు 16న తీసింది. సెప్టెంబరు రెండో శనివారం నేను తియ్యాలి. కాపీ తీసే డిస్కు ఆడిట్ వాళ్ల దగ్గర ఉండిపోయింది, వచ్చే వారం చూద్దాం అనుకున్నాను, ఆ వారం రాలేదు. ఆ తప్పు నాదే, దాచుకోను.

కాబట్టి ఆగస్టు 17 క్యాంపు నుంచి నవమి దాకా వజ్రపుకొత్తూరు వైపు ఎనిమిది ఊళ్లలో తీసిన రక్తపరీక్షలు, 1,316 మందివి, ఒక్కటీ లేదు. ఎవరి కిడ్నీ ఎంత పనిచేస్తోందో, ఎవరిని మూడు నెలలకి మళ్లీ పిలవాలో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

సెక్రటరీ తారకేశ్వరరావు గారు రమణని పనిలోకి రావద్దన్నారు. డిసెంబరు 10న కమిటీ కూర్చుని తీసేయాలో వద్దో తేలుస్తుందట. పంతొమ్మిదేళ్లుగా ఆ గేటు దగ్గరున్నవాడు. రోజూ వచ్చి గేటు బయట నిలబడుతున్నాడు, లోపలికి రాడు.

పదకొండేళ్లు నీ చేతిలో పెరిగిన మిషను. ఏం చెయ్యాలో రాయి. ఇందులో రమణ తప్పు ఎంతో కూడా రాయి.

నీ
ప్రమోదిని


బారువ,
10 అక్టోబరు

చి॥ ప్రమోదినికి మావ దీవెనలు.

ఉత్తరం అందింది. ఇక్కడ ఇన్వర్టర్లు బాగుచేసే కొట్టు తెరిచాను కదా, ఎండుచేపల వాసనలో బ్యాటరీ నీళ్ల వాసన కలిసి మీ అత్త ముక్కు మూసుకుని తిరుగుతోంది. అంతకు మించి ఇక్కడ విశేషాలేమీ లేవు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, పట్టుకోవలసిన ఆకులు ఇవి.

డిస్కులన్నిటినీ ఒక్కటిగా నడిపేది ఆ కంట్రోలర్ కార్డు అని నీకు తెలుసు. దానికి ఒక జేబు ఉంటుంది. మనం టైపు చేసింది ముందు జేబులో వేసుకుని, "రాశాను" అని మనకి చెప్పేసి, తీరిగ్గా డిస్కుల్లోకి దించుతుంది. అందుకే పని చురుగ్గా సాగుతుంది. కరెంటు పోతే జేబులో ఉన్నది చెదరకుండా కాపాడేది పక్కనున్న చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీ పోయింది. జేబు చిరిగింది. అంతే జరిగింది.

బ్యాటరీ మార్చాలి. ముందు సర్వర్‌ని పద్ధతిగా ఆపు. తీగలు పీకి పది నిమిషాలు ఆగు. చెప్పులు విప్పి, ఇనప పెట్టెని చేత్తో ముట్టుకుని, ఒంట్లో ఉన్న కరెంటు దానికి ఇచ్చేసి అప్పుడు కార్డు పట్టుకో. బ్యాటరీ మీద నంబరు ఉంటుంది, అదే నంబరు విశాఖలో తెప్పించు. తయారైన తేదీ చూడు, ఏడాది దాటింది ఇస్తే వాడి మొహాన కొట్టు. పెట్టాక ఒక రాత్రంతా ఛార్జి కానీ, మధ్యలో తొందరపడకు.

రమణ సంగతి. వాడు తెలిసి చెయ్యలేదు. కమిటీ వాళ్లు పెద్దవాళ్లు, ఆలోచిస్తారు. మిషను కూడా పాతదే, ఏదో ఒక రోజు పోవలసిందే.

మావ


పలాస,
17 అక్టోబరు

మావకి,

నువ్వు రాసిన కాగితం గోడకి అంటించి, చెప్పులు విప్పి, పెట్టెకి దణ్ణం పెట్టినట్టే చెయ్యి ఆనించి పని మొదలెట్టాను. అయితే మావా, నీ కాగితంలో మొదటి మెట్టు లేదు. "ఏ స్క్రూ ముట్టుకోకముందే కార్డు డైరీ దించుకో, కార్డు పోయినా డైరీ మిగలాలి" అని నాతో వందసార్లు చెప్పించావు కదా. కార్డు తనకి జరిగినవన్నీ తేదీ, గంటతో సహా రాసుకునే ఆ లాగ్ ఫైలునే. ఈసారి నువ్వు రాయలేదు. అలవాటు కొద్దీ నేనే పెన్‌డ్రైవ్‌లోకి దించుకున్నాను.

మంచిదే అయింది. బ్యాటరీ నూనెలో వేసిన పూరీలా పొంగి ఉంది. తీస్తుంటే దాని కింద ఉన్న చిన్న పిన్ను కూడా ఊడొచ్చింది. కొత్త బ్యాటరీ పెట్టినా కార్డు కళ్లు తెరవలేదు. డిస్కులకేమీ కాలేదు, కానీ వాటిని చదివే దిక్కు లేదు. ఇలాంటి కార్డు ఇప్పుడు తయారు కావడం లేదని విశాఖలో చెప్పారు.

ఇంకొకటి అడుగుతాను, విసుక్కోకు. కార్డు పుస్తకం తిరగేశాను. బ్యాటరీ చచ్చిపోతే కార్డు తనంతట తానే జేబు కుట్టేసుకుంటుందట. తిన్నగా డిస్కుల్లోకే రాస్తుందట, నెమ్మదిగా అయినా పోకుండా. ఆ నారింజ రంగు దీపం జూన్ నుంచి వెలుగుతూనే ఉంది, "నేను చూసుకుంటాలే" అన్నావు. అంటే జూన్ నుంచి జేబు మూసి ఉండాలి కదా. మరి నవమి నాడు ఎందుకు తెరిచి ఉంది?

నిన్న రమణ లోపలికి వచ్చాడు. నేనే లాక్కొచ్చాను. "మిసన్లో అంకెలు పోతే పోనాయి గానీ అమ్మా, కాయితాలు ఊళ్ల మీదే ఉన్నాయి కదా. అందరికీ సీటీలిచ్చినాం. నానెల్లి తెత్తాను" అన్నాడు. మాకెవరికీ తట్టని మాట. క్యాంపులో ప్రతి మనిషికీ వరస నంబరుతో ఒక చీటీ ఇచ్చాం, పేరు, తేదీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె. సైకిలు వేసుకుని ఇవాళ బయల్దేరాడు.

ప్రమోదిని


బారువ,
24 అక్టోబరు

చి॥ ప్రమోదినికి,

సోంపేట బస్సు కండక్టరు రామూర్తి చేతికి ఒక హార్లిక్స్ డబ్బా ఇచ్చాను. ఈపాటికి అంది ఉంటుంది. అందులో అలాంటిదే ఇంకో కార్డు ఉంది. నాలుగేళ్ల కింద విశాఖ పాతసామాన్ల కొట్లో దొరికితే కొని దాచాను. మీ అత్త ఆ డబ్బాలో మెంతులు పోస్తానంటే పోయనివ్వలేదు.

పని జాగ్రత్త. ఈ కార్డులో ఉన్న ఫర్మ్‌వేర్ పాతది. అంటే చేతులు అవే, చదువు తక్కువ. డిస్కుల తీగలు తగిలించకుండా ముందు కార్డుకి చదువు చెప్పు. నీ పాత కార్డులో ఏ వెర్షను ఉందో అదే ఎక్కించు, అంతకంటే కొత్తది వద్దు. ఒకేసారి ఎగరకు, మధ్యలో ఒక వెర్షను మెట్టు ఉంది, దాని మీద కాలు పెట్టి ఎక్కు. ఎక్కుతున్నప్పుడు ఎంతసేపు ఆగినట్టు కనబడినా బటను ముట్టుకోకు. సగంలో ఆపితే ఆ కార్డు మళ్లీ హార్లిక్స్ డబ్బాకే.

తరవాత తీగలు తగిలిస్తే తెర మీద అడుగుతుంది: ఈ డిస్కులు నావి కావు, వేరే కార్డు కట్టిన కాపరం, ఇంపోర్ట్ చెయ్యనా, క్లియర్ చెయ్యనా? ఇంపోర్ట్ అను. క్లియర్ అన్న మాట మీద వేలు పెట్టావో, డిస్కుల్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. పక్కన ఇంకో మనిషిని నిలబెట్టుకుని, పైకి చదివించి అప్పుడు నొక్కు.

మొదటి మెట్టు రాయలేదన్నావు. వయసు మీద పడింది, ఒకటి రాస్తే ఒకటి జారిపోతుంది. జేబు ఎందుకు తెరిచి ఉందో నేనేం చెప్పను? పాత కార్డులు అంతే, ఒక్కో రోజు ఒక్కో బుద్ధి.

మొన్న రమణ వచ్చాడు. మందసలో చుట్టాలింట్లో ఉన్న ఒకావిడ చీటీ కోసం వెళ్లి, అక్కణ్ణుంచి ఇటొచ్చాడు. కొట్టు ముందు సైకిలు ఆపి, నాకు వినబడేలా గట్టిగా అడిగాడు. "సారూ, పదేళ్ల నుంచి నవమికి మీరే ఆపీవోరు. మీరాపితే అది సల్లగా పడుకుండీది. నానాపితే సచ్చిపోనాది. నా సేతిలో ఏటి దోసముందో మీరే సెప్పాల." వీధిలో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

మజ్జిగ ఇచ్చి పంపేశాను.

మావ


పలాస,
8 నవంబరు

మావకి,

కార్డు బతికింది. డిస్కులూ బతికాయి.

చదువు చెప్పడానికి రెండు గంటలు పట్టింది. అరవై శాతం దగ్గర ఏడు నిమిషాలు ఆగిపోయింది. నేను ముట్టుకోలేదు. తరవాత తీగలు తగిలించి, మన డాక్టర్ హెలెన్ గారిని పక్కన నిలబెట్టి చదివించాను. ఆవిడ "ఇంపోర్ట్" అని మూడుసార్లు చదివి, నాలుగోసారి ప్రార్థన చేసుకుని, అప్పుడు నొక్కనిచ్చారు. ఆడిట్ వాళ్ల దగ్గరున్న డిస్కు తెప్పించి ఆగస్టు 16 కాపీ పెట్టాం, తెరుచుకుంది.

చివరికి జేబు సంగతి అడిగే తెర వచ్చింది. "బ్యాటరీ బాగుంటేనే జేబు వాడు" అన్న గీత మీద పెట్టాను. పాత కార్డులో అది వేరే గీత మీద ఉండేది మావా. "బ్యాటరీ లేకపోయినా జేబు వాడు" అన్న దాని మీద. అది దానంతటది మారే గీత కాదని పుస్తకంలో ఉంది.

రమణ తొమ్మిది వందల చిల్లర చీటీలు తెచ్చాడు. ఎక్కడెక్కడ దాచారో చూస్తే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. కొందరు రేషను కార్డుతో కలిపి చీరల కొట్టు కవరులో పెట్టి మేకుకి తగిలించారు. జీవరత్నమ్మ గారు బైబిల్లో కీర్తనల దగ్గర పెట్టారు. బొడ్డమ్మ బియ్యం డబ్బాలో అడుగున దాచిందట, బియ్యమంతా చేటలో పోసి తీసిచ్చింది. పొయ్యి మీది వాసానికి గుచ్చినవి పొగకి నల్లబడిపోయాయి, వాళ్లకి మళ్లీ రక్తం తీస్తున్నాం. "ఇది పోతే నాకు పోయినట్టే కదా" అని చీటీ ఇవ్వకుండా ఏడ్చినావిడ దగ్గర రమణ గంటన్నర కూర్చుని, ఫొటో తీసుకుని వచ్చాడు. జీతం లేదు. సైకిలు టైరు రెండుసార్లు మార్చాడు.

కమిటీకి కాగితాలు నేనే తయారు చెయ్యాలి. ఎందుకు జరిగింది అన్న చోట ఏం రాయను?

ప్రమోదిని


బారువ,
14 నవంబరు

చి॥ ప్రమోదినికి,

కార్డు పనిచేసినందుకు సంతోషం. కొత్త బ్యాటరీని మూడు నెలలకోసారి పూర్తిగా దించి మళ్లీ ఛార్జి చేసే పరీక్ష పెట్టడం మరిచిపోకు.

ఎందుకు జరిగింది అన్న చోట "పరికరం పాతబడటం వల్ల" అని రాయి. అందులో అబద్ధం లేదు. నా పేరు ఎత్తకు. నేను వచ్చేశాను కదా.

మావ


పలాస,
21 నవంబరు

మావకి,

పరికరం పాతబడింది అని నేను రాయను. అలా రాస్తే మెయిన్ దించినవాడి పేరే మిగులుతుంది.

చీటీలు 1,315 వచ్చాయి. ఒక్కటి తక్కువ. ఊళ్లవన్నీ సరిపోయాయి. రానిది ఆగస్టు 17 నాటిది, నంబరు 415. ఆ రోజు క్యాంపు అయ్యాక స్టాఫ్ అందరం వరసగా నిలబడి రక్తం ఇచ్చాం. నాది 414. రమణది 416. మధ్యలో ఎవరు నిలబడ్డారో నాకు గుర్తుంది.

ఆ రోజు పొద్దున్న ఒక్కో పేరు ఎక్కడానికి నాలుగు నిమిషాలు పట్టేది. పదకొండున్నర దాటాక ఉన్నట్టుండి చురుగ్గా నడిచింది. నువ్వేదో మంత్రం వేశావని అందరం చప్పట్లు కొట్టాం. నేనే ముందు కొట్టాను.

ఇంతకంటే నేనేమీ అడగను.

ప్రమోదిని


బారువ,
29 నవంబరు

ప్రమోదినీ,

ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. ఒకటి తారకేశ్వరరావు గారికి రాసిన ఉత్తరం కాపీ. అసలుది ఇవాళే రిజిస్టరు పోస్టులో వేశాను. రెండోది చీటీ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నెలన్నర నుంచి నీకు ఉత్తరాలు రాశాను. మొదటి మెట్టు నేను మరిచిపోలేదు. రాసి, కొట్టేసి, ఆ కాగితం చించి వేరే కాగితం మీద రెండో మెట్టు నుంచి మొదలెట్టాను. ఆ డైరీలో ఏముందో నాకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, విను.

ఆ రోజు ఎండ నీకు గుర్తుంది కదా. షామియానా చాల్లేదు. పొద్దున్న ఏడింటికి వచ్చినవాళ్లు పదకొండయినా వరసలోనే ఉన్నారు. బ్యాటరీ చచ్చింది కాబట్టి కార్డు జేబు మూసుకుంది, నువ్వు పుస్తకంలో చదివినట్టే. బొడ్డమ్మ వరసలోనే కూలబడిపోయింది. ఆవిడ మొహాన నీళ్లు కొట్టి వచ్చి, 11.40కి ఆ గీత మార్చాను. బ్యాటరీ లేకపోయినా జేబు వాడుకో అని కార్డుకి హుకుం ఇచ్చాను. వరస కదిలింది. మీరు చప్పట్లు కొట్టారు. నాకు బాగుంది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

సాయంత్రం క్యాంపు కాగానే తిప్పేద్దామనే అనుకున్నాను. ఒక్క నిమిషం పని. అది మనసులో పెట్టుకునే మన రక్తాల వరసలో నిలబడ్డాను. ఫలితాలు తెర మీదకి నేనే ఎక్కించాను కదా, నా అంకె నేనే టైపు చేశాను. 4.8. కిడ్నీలు బాగుంటే ఒకటి చుట్టూ ఉండాల్సింది, ఊళ్లలో జనం అనే మాటల్లో దాదాపు అయిదు పాయింట్లు. చీటీ అచ్చయి వచ్చింది. మడిచి జేబులో పెట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కేశాను. గీత సంగతి గుర్తులేదు.

ఎప్పటికీ గుర్తు రాలేదంటే అది ఇంకో అబద్ధం. పని మానేసి బారువ వచ్చిన మూడో రోజు, కొట్లో బోర్డు కడుతుంటే గుర్తొచ్చింది. ఒక కార్డు ముక్క రాసి పోస్టులో వేస్తే నువ్వే తిప్పేసేదానివి. రాస్తే, పదకొండేళ్లు తప్పు చెయ్యని కూర్మారావు పోతూ పోతూ తప్పు చేశాడని తెలుస్తుంది. కొత్త బ్యాటరీ ఎలాగూ వస్తుంది, ఈలోగా ఎవరు చూస్తారులే అనుకున్నాను. నవమి నాడు పూజకి ముందు ఆపాలని కూడా నీకు చెప్పి రాలేదు. ఆపడం అంటే ఏమిటో రమణకి అంతకంటే చెప్పలేదు. పదేళ్లూ నేను లోపల పద్ధతిగా ఆపిందాన్ని వాడు బయట నుంచి చూశాడు. చూసిందే చేశాడు. నేను చేసింది నేర్చుకోవడమే వాడి తప్పయితే, దానికి గురువుని నేనే.

ఇంకోటి ఉంది. ఇది నీకు చెప్పకపోతే మిగతాదంతా చెప్పినా చెప్పనట్టే. అక్టోబరులో నీ మొదటి ఉత్తరం వచ్చి, రికార్డులన్నీ పోయాయని చదివినప్పుడు, నాకు ముందు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. నా అంకె కూడా పోయింది కదా అని. మూడు నెలలకి నన్నెవరూ పిలవరు కదా అని. పదమూడు వందల మంది పిలుపులు పోతే నా ఒక్కడి పిలుపు పోయిందని ఊపిరి పీల్చుకున్న మనిషిని నేను. రెండు రోజులు కొట్టు తెరవలేదు. అయినా నీకు రెండో మెట్టు నుంచే రాశాను.

నీ ఉత్తరంలో 414, 416 అని చదివాక మీ అత్త ముందు చీటీ పెట్టాను. మీ అత్త తిడుతుందనుకున్నాను. "ఇన్నాల్లూ ఏటి దాసినావు, దీన్నా!" అని కూలబడింది. తరవాత లేచి, కూరలో ఉప్పు తగ్గించింది.

చీటీ ఇన్వర్టరు పుస్తకంలో పెట్టాను, పొగ తగల్లేదు. అంకె బాగానే కనబడుతుంది. ఎక్కించు.

కమిటీలో నా ఉత్తరం పైకి చదవమను. రమణ కూడా వినేటట్టు.

కూర్మారావు


పలాస,
11 డిసెంబరు

మావకి,

నిన్న కమిటీ అయింది. నీ ఉత్తరం డాక్టర్ హెలెన్ గారు చదివారు. తారకేశ్వరరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇన్నాళ్లూ ఆ బ్యాటరీకి అనుమతి ఇవ్వనిది మనమే కదా" అన్నారు. జూన్‌లో నువ్వు పెట్టిన అర్జీ ఆయన ఫైల్లోనే దొరికింది. అది నీ తప్పుని తుడిచెయ్యదు, ఊరికే చెప్తున్నాను.

రమణ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. "సారు నిజం సెప్పీసినారు కదా, ఇంకేటుంది" అని, ఎవరూ చెప్పకముందే వెళ్లి గేటు దగ్గర తన స్టూలు మీద కూర్చున్నాడు. కమిటీ ఉత్తర్వు ఆ తరవాత రాశారు.

ఇప్పుడు నా వంతు. నేనూ నీ దగ్గర ఒకటి దాచాను. డైరీ దించిన రోజే, అక్టోబరు 15నే, ఆ లైను చూశాను. ఆగస్టు 17, 11.40, గీత మార్చబడింది, వాడింది నీ పాస్‌వర్డు. దాన్ని ప్రింటు తీసి సొరుగులో పెట్టాను. ఏడు వారాలు ఆ సొరుగు పక్కనే కూర్చుని పనిచేశాను. తొమ్మిదో తారీఖు దాకా నీ ఉత్తరం రాకపోతే కమిటీ ముందు పెట్టేసేదాన్ని మావా. నువ్వు నాకు పని నేర్పావు, తిండి పెట్టావు, అయినా పెట్టేసేదాన్ని. నీ ఉత్తరం మూడో తారీఖున వచ్చింది. ఆ రోజు గదికి లోపల గడియ పెట్టుకుని బాగా ఏడ్చి, ప్రింటు చించేశాను. డైరీ మాత్రం చెరపలేదు. చెరపకూడదని నువ్వే చెప్పావు.

మెయిన్ పక్కన నువ్వు నేర్పిన ఆపే పద్ధతి తెలుగులో రాసి అంటించాను. రమణ చేత మూడుసార్లు ఆపించి, ఆన్ చేయించాను. నాకంటే జాగ్రత్తగా చేస్తున్నాడు.

నీ చీటీ ఇవాళ పొద్దున్న ఎక్కించాను. 415, 4.8 అని కొట్టి ఎంటర్ నొక్కగానే, మళ్లీ పిలవాల్సినవాళ్ల జాబితాలోకి నీ పేరు దానంతటదే వచ్చేసింది. ఎర్ర అక్షరాల్లో, పక్కన "గడువు దాటి 24 రోజులు" అని. ఎవరం చెప్పలేదు. మూడు దాటితే అలా రావాలని ఆ నియమం పెట్టింది నువ్వే కదా.

చీటీలు తెచ్చినందుకు కమిటీ రమణకి ఇంకో పని కూడా ఇచ్చింది. పిలిచినా రానివాళ్లని ఇంటికెళ్లి తీసుకురావడం. మొదటి జాబితా నేనే వాడి చేతిలో పెట్టాను. అందులో ఒక్క పేరే ఉంది. సోమవారం మొదటి బస్సుకి వాడు బారువలో దిగుతాడు.

ఈసారి మజ్జిగ ఇచ్చి పంపెయ్యకు. వాడితో పాటు బస్సెక్కు.

నీ
ప్రమోదిని